మువ్వల జట్లు: మారిస్ నృత్యపు చరిత్ర

లండను నగరమునకు ఈశాన్య దిశను, ఎసెక్స్ మండలములో థాక్స్‌టెడ్ అను చిన్న పట్టణమున్నది. పదునైదవ శతాబ్దిలో కొయ్యతో కట్టిన సభాభవనము, దానికి ఎగువను 181 అడుగుల శిఖరము గల చర్చి, అక్కడ నుండి పల్లమునకు సాగిపోవు వెడల్పైన వీథి, 1804లో కట్టిన గాలిమర ఆ ఊరికి అలంకారములు. ప్రతి సంవత్సరము మే నెల తుదనో, జూన్ నెల తొలి దినములలోనో వచ్చు ఒక శనివారమునాడు ఆ వీథి మువ్వల చప్పుడుతో నిండిపోవును. మారిస్ నర్తకుల జట్లు పలు ప్రాంతముల నుండి ఆనాడు అక్కడకు చేరును.

ఆనాటి కార్యక్రమమునకు ఒక వరుస కలదు. జట్లు కొన్ని కొన్నిగా కూడి, బస్సులలో చుట్టుపట్ల గ్రామములకు పోవును. ఒక ఊరిలో పచ్చికబయలు, మరియొక ఊరిలో పానశాల ముంగిలి, వేరొకచోట నాలుగు దారులు కలియు కూడలి, ఇవియే రంగస్థలములు. తెర లేదు, వేదిక లేదు, టిక్కెట్టు లేదు. ఒక జట్టు ఆడుచుండగా తక్కిన జట్లవారు చుట్టును నిలిచి చూతురు. తమ వంతు రాగానే రుమాళ్లు సవరించుకొని ముందుకు వత్తురు. పొద్దు వాలువేళకు అన్ని జట్లును థాక్స్‌టెడ్ వీథికి తిరిగివచ్చి, ఊరేగి, మొదట విడివిడిగాను, పిదప అందరును కలిసియు ఆడుదురు.

ఒకనాటి ఈ విహారము చూచినవారికి ఇది కేవలము వినోదముగా తోచును. వినోదమే, సందేహము లేదు. కాని అక్కడ నిలిచిన ఒక్కొక్క జట్టు వెనుకను ఒక్కొక్క చరిత్ర కలదు. ఈ నృత్యము ఎక్కడ పుట్టినది, ఎవరు దీనిని కాపాడిరి, ఇది ఎవరికి చెందినది అను మూడు ప్రశ్నలపై ఇంగ్లండులో నూరేండ్లకు పైగా వివాదము నడచినది. ఆ వివాదమును శ్రోతలకు పరిచయము చేయుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

ముందుగా నృత్యమును గూర్చి నాలుగు మాటలు. జట్టును అక్కడివారు 'సైడ్' అందురు. సాధారణముగా ఒక్కొక్క ఆటకు ఆరుగురు నర్తకులు, మువ్వురు మువ్వురుగా రెండు వరుసలలో నిలుతురు. జట్టు నాయకునకు 'స్క్వైర్' అని పేరు. అడుగులు నేర్పు గురువు 'ఫోర్‌మన్'. ఉత్తరప్రత్యుత్తరములు, ఏర్పాట్లు చూచువాడు 'బ్యాగ్‌మన్', అనగా సంచివాడు. వీరుగాక పలు జట్లలో ఒక విదూషకుడుండును. కఱ్ఱకొనకు గాలిబుడ్డ కట్టుకొని, నర్తకుల నడుమ దూరి, చూపరులను నవ్వించుచు, వారిని వెనుకకు జరుపుచు ఆటకు చోటు చేయుట అతని పని. నర్తకుల వేషము ఎక్కువగా తెల్లనిది: తెల్లచొక్కా, తెల్లలాగు, ఛాతీపై అడ్డముగా జట్టు వన్నెల పట్టీలు, పువ్వులు గ్రుచ్చిన టోపీ. మోకాలి దిగువను తోలుపట్టీలకు కుట్టిన మువ్వలు. మన నర్తకులు గజ్జెలను చీలమండలకు కట్టుకొందురు. వీరు పిక్కలకు కట్టుకొందురు.

కొన్ని ఆటలకు చేతులలో పెద్ద తెల్లరుమాళ్లు, కొన్నింటికి కఱ్ఱలు ఉండును. కఱ్ఱల ఆట చూచిన తెలుగువారికి కోలాటము జ్ఞప్తికి రాక మానదు. ఆ పోలికను బట్టి రెండింటికిని చుట్టరికము కల్పించుట మాత్రము తగదు. కఱ్ఱకు కఱ్ఱ తాకిన చప్పుడు ఏ దేశమునందైనను కాలిని కదిలించును, అంతియే. 'బీన్ సెట్టింగ్' అను ఆటలో నర్తకులు వంగి, చిక్కుడు గింజలు నాటుచున్నట్లు కఱ్ఱకొనతో నేలను పొడుతురు. వాద్యవిషయమున, పూర్వము ఒకే మనిషి ఎడమచేత మూడు రంధ్రముల పిల్లనగ్రోవిని ఊదుచు, ఆ చేతికే వ్రేలాడు చిన్న డోలును కుడిచేతి పుల్లతో వాయించెడివాడు. తరువాత ఫిడేలు వచ్చినది. ఆపైని కాన్సర్టినా, మెలోడియన్ వంటి తిత్తివాద్యములు వచ్చినవి.

అన్ని జట్లును ఒక్కతీరున ఆడవు. ఆక్స్‌ఫర్డ్, గ్లాస్టర్ మండలములలోని కాట్స్‌వొల్డ్ గుట్టల గ్రామములది రుమాళ్లు, కఱ్ఱలు గల పద్ధతి. అందును ఒక ఊరి అడుగు మరియొక ఊరి అడుగు కాదు. హెడింగ్టన్, బాంప్టన్, ఆడర్‌బరీ గ్రామముల పేరిట వేరువేరు సంప్రదాయములు కలవు. లాంకషైరు మొదలగు వాయవ్య ప్రాంతపు మిల్లు పట్టణముల జట్లు కొయ్య అడుగుల పాదరక్షలు తొడిగి, రాతివీథిపై టకటకలాడించుచు ఊరేగుదురు. తూర్పు మండలములలో జనవరి నెలలో 'నాగలి సోమవారము' నాడు పనిలేని దున్నువారు వేషములు వేసి ఇంటింటికి తిరిగి డబ్బులడిగెడివారు. ఆ ఆటకు 'మాలీ' అని పేరు. ఈశాన్యపు బొగ్గుగనుల ప్రాంతమున ఇరువైపుల పిడులు గల, వంగునట్టి ఉక్కుబద్దలు పట్టుకొని అల్లికగా ఆడెడి 'రాపర్' నృత్యము కలదు. జట్లు కలిసికొను దినములలో ఈ తీరులలో కొన్నియైనను ఒకే వీథిలో ప్రక్కప్రక్కన కనబడును.

ఇక మొదటి ప్రశ్న, పుట్టుకను గూర్చినది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఈ నృత్యములను సేకరించిన సెసిల్ షార్ప్ మొదలగువారు ఇది క్రైస్తవమతమునకు పూర్వపు క్రతువుల శేషమని తలచిరి. పంటలు పండుటకై, వసంతమును మేల్కొల్పుటకై ఆదిమజనులు చేసిన పూజ కాలక్రమమున ఆటగా మిగిలినదని వారి భావము. జేమ్స్ ఫ్రేజర్ వంటి పండితుల గ్రంథములు చదివి పెరిగిన ఆ తరమునకు ఇట్టి ఊహ సహజమే. నేటికిని చూపరులలో పలువురు దీనినే నమ్ముదురు. కాని వ్రాతలలో దొరకిన సాక్ష్యము వేరొక దారిని చూపుచున్నది.

ఇంగ్లండులో మారిస్ నృత్యమును పేర్కొను లెక్కలలో నేటివరకు తెలిసిన మొదటిది 1448వ సంవత్సరము నాటిది. ఆ మే నెలలో, తమ వృత్తికి రక్షకుడని కొలుచు డన్‌స్టన్ మహాత్ముని పండుగనాడు, లండను స్వర్ణకారుల శ్రేణివారు మారిస్ నర్తకులకు ఏడు షిల్లింగులు చెల్లించిరి. 1458లో ఒక వితంతువు వ్రాయించిన వీలునామాలో, మారిస్ నృత్యమును చెక్కిన వెండిపాత్ర యొకటి పేర్కొనబడినది. అనగా ఈ నృత్యము మనకు తొలుత కనబడుచున్నది పొలముల గట్లపై కాదు; వర్తకశ్రేణుల ఉత్సవములలో, సంపన్నుల గృహములలో, రాజాస్థానములో. పేరును ఆ మాటనే చెప్పుచున్నది. స్పెయిను నేలిన మూరుల పేరిట ఐరోపా ఆస్థానములలో వేషనృత్యములుండెడివి; 'మారిస్' అను మాట ఆ 'మూర్' శబ్దము నుండి వచ్చినదే. ఇంగ్లండు గ్రామమునకు ప్రతీకయని నేడు చెప్పబడు నృత్యము పరదేశపు పేరు ధరించి వచ్చుట గమనింపదగినది.

ఆస్థానము నుండి ఈ ఆట ఊరిలోనికి దిగివచ్చినది. పదునారవ శతాబ్ది తొలినాళ్లలో థేమ్స్ నదీతీరమందలి కింగ్‌స్టన్ పట్టణపు చర్చి పెద్దలు మారిస్ దుస్తులకు, మువ్వలకు, పాదరక్షలకు పెట్టిన ఖర్చుల లెక్కలు మిగిలియున్నవి. చర్చి అవసరములకై ధనము కూర్చుటకు గ్రామములవారు పానోత్సవములు జరిపెడివారు. మారిస్ ఆట ఆ ఉత్సవములకు ఆకర్షణ. ఈ సాక్ష్యమును ఓపికతో కూర్చి, జాన్ ఫారెస్ట్ 1999లోను, మైకేల్ హీనీ 2023లోను పెద్ద గ్రంథములు ప్రకటించిరి. నృత్యము ఒకే మూలము నుండి చెక్కుచెదరక వచ్చినది కాదనియు, ప్రతి తరమును దానిని తన అవసరమునకు తగినట్లు మార్చుకొన్నదనియు వాని వలన తెలియుచున్నది.

చర్చి నీడలో పెరిగిన ఈ ఆటను మతసంస్కర్తలే ద్వేషించిరి. 1583లో ఫిలిప్ స్టబ్స్ అను ప్యూరిటన్ రచయిత, కాళ్లకు ఇరువదేసి, నలువదేసి మువ్వలు కట్టుకొని, రుమాళ్లు ఊపుచు, ఆదివారమునాడు చర్చిలోనికే చొచ్చుకొని వచ్చు యువకులను తీవ్రముగా నిందించెను. ఆయన నిందింపబట్టి ఆనాటి ఆట ఎట్లుండెడిదో మనకు తెలిసినది. చరిత్రలో ఇట్టి వింతలు పెక్కు. పొగడినవారికంటె తిట్టినవారే ఎక్కువ వివరములు వ్రాసిపెట్టుదురు. 1618లో ఒకటవ జేమ్స్ రాజు, ఆరాధన ముగిసిన పిమ్మట ఆదివారములందు మారిస్ మొదలగు ఆటలు ఆడుకొనవచ్చునని ప్రకటన గావించెను. 1633లో ఆయన కుమారుడు ఒకటవ ఛార్లెసు దానినే మరల ప్రకటించెను. 1643లో పార్లమెంటువారు ఆ ప్రకటన ప్రతులను బహిరంగముగా కాల్పించిరి. 1660లో రాజరికము తిరిగివచ్చిన తరువాత మువ్వలును తిరిగివచ్చినవి.

ఈ నడుమ జరిగిన ఒక విహారమును చెప్పక తప్పదు. షేక్స్‌పియరు నాటకసమాజములో హాస్యపాత్రలు ధరించిన విల్ కెంప్, 1600వ సంవత్సరము ఫిబ్రవరిలో లండను నుండి బయలుదేరి, నూరుమైళ్లకు పైబడిన దూరమున నున్న నారిచ్ నగరము వరకు మారిస్ ఆడుచు పోయెను. నడుమ విశ్రాంతిదినములు పోగా ఆడినవి తొమ్మిది దినములు. ఆ ప్రయాణమును ఆయనయే ఒక చిన్నపుస్తకముగా వ్రాసి అచ్చు వేయించెను. ఎసెక్స్ మండలములోని చెల్మ్స్‌ఫర్డ్‌లో పదునాలుగేండ్ల బాలిక ఒకతె ఆయనతో సమముగా ఒక గంటసేపు ఆడినది. సడ్‌బరీలో బలిష్ఠుడైన కటికవాడొకడు తోడుగా బయలుదేరి, అరమైలు దాటకముందే ఆయాసపడి ఆగిపోయెను. అది చూచి నవ్విన ఒక పల్లెపడుచు, వానిని ఎగతాళి చేసి, మువ్వలు తీసికొని కాళ్లకు కట్టుకొని, ఒక మైలు దూరము ఆయనతో ఆడుచు పోయినది. ఈ రెండు సంఘటనలను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెను. వీనితో మనకు ముందు పని కలదు.

కాలక్రమమున కాట్స్‌వొల్డ్ గ్రామములలో ఈ ఆట కూలీల సొత్తయినది. పెంతెకొస్తు పండుగ వారము వారికి విడుపు. ఆ వారములో జట్టు ఊరూర తిరిగి, భూస్వాముల ముంగిళ్లలో, పానశాలల యెదుట ఆడి, చూపరుల నుండి డబ్బులు కూర్చుకొనెడిది. నేటి విహారములకు మూలము ఆ తిరుగుడే. కాని నాటివారికి అది ఆటవిడుపు మాత్రమే కాదు. చాలీచాలని కూలికి అది ఒక ఆధారము. పందొమ్మిదవ శతాబ్దిలో యంత్రములు వచ్చినవి, పడుచువారు పట్టణములకు తరలిపోయిరి, పాత పానోత్సవములు అణగిపోయినవి. శతాబ్ది ముగియునాటికి ఆడు జట్లు వేళ్లపై లెక్కింపదగినన్నియే మిగిలినవి.

ఇట్టి దశలో 1899వ సంవత్సరము వచ్చినది. ఆక్స్‌ఫర్డ్ సమీపమున హెడింగ్టన్ క్వారీ అను ఊరు కలదు. ఇటుకలు కాల్చువారును తాపీపనివారును అచ్చట నివసించెడివారు. అక్కడ ఆగిపోయిన జట్టును పర్సీ మానింగ్ అను చరిత్రాభిమాని ఆ సంవత్సరముననే ప్రోత్సహించి తిరిగి ఆడించెను. ఆ శీతకాలమున మంచుగడ్డకట్టి తాపీపనులు నిలిచిపోయినవి. కూలి లేక, డిసెంబరు 26వ తేదీన, క్రిస్మసు మరునాడు, జట్టు వీథులలోనికి బయలుదేరినది. శాండ్‌ఫీల్డ్ కాటేజి అను ఇంటి ముందు ఆడుచుండగా, అత్తవారింటికి పండుగకు వచ్చియున్న సంగీతోపాధ్యాయుడొకడు కిటికీలోనుండి చూచెను. ఆయనయే సెసిల్ షార్ప్. కాన్సర్టినా వాయించుచున్నవాడు విలియం కింబర్. ఇరువది యేడేండ్లవాడు, తాపీపనివాడు. వేసవి ఆటను చలికాలమున ఆడినందుకు కింబర్ క్షమాపణ చెప్పుకొనెను. పని లేదు, డబ్బులు కావలెను, అదియే కారణము. మరునాడు షార్ప్ ఆయనను పిలిపించి అయిదు వరుసలను స్వరపరచుకొనెను. ఒక జాతి తన నృత్యమును తిరిగి పొందుటకు కూలీల పస్తు హేతువైనదనుట చేదుగా నుండును గాని, జరిగినది అదియే.

ఆ వ్రాత అయిదారేండ్లు షార్ప్ కాగితములలోనే ఉండిపోయినది. దానికి ప్రాణము పోసినది ఒక స్త్రీ. లండనులో పేద దర్జీపిల్లల కొఱకు మేరీ నీల్, ఎమ్మెలిన్ పెథిక్ అను వనితలు 1895లో 'ఎస్పెరాన్స్' అను సంఘమును నెలకొల్పియుండిరి. దినమంతయు కుట్టుపనిలో వంగిన ఆ బాలికలకు సాయంకాలము పాట, ఆట కావలెనని మేరీ నీల్ సంకల్పము. 1905లో ఆమె షార్ప్‌ను కలిసికొని, ఆయన చెప్పిన జాడను పట్టి, హెడింగ్టన్ పోయి, కింబర్‌ను, ఆయన జ్ఞాతిని లండనుకు పిలుచుకొని వచ్చినది. తాపీపనివారు కుట్టుపని పిల్లలకు మారిస్ నేర్పిరి. 1906 ఏప్రిలులో లండను క్వీన్స్ హాలులో ఆ బాలికలు ఆడిన ఆట నగరమును ఆశ్చర్యపరచినది. పిమ్మట వారే గురువులై దేశమందలి పెక్కు ఊళ్లకు పోయి నేర్పిరి.

కొలదికాలమునకే షార్ప్‌కును మేరీ నీల్‌కును పడలేదు. వృద్ధనర్తకులు ఆడినట్లే, అడుగు తప్పక, శాస్త్రముగా నేర్పవలెనని షార్ప్ పట్టు. నృత్యము ప్రజలది, ఆడువారి ఉత్సాహమే దానికి ప్రాణమని మేరీ నీల్ వాదము. ఇరువురియందును న్యాయము లేకపోలేదు. షార్ప్ జాగ్రత్త లేకున్న నేడు అడుగులు మిగులకపోవును. మేరీ నీల్ లేకున్న ఆడువారే మిగులకపోవుదురు. 1911లో షార్ప్ ఇంగ్లీషు జానపదనృత్య సంఘమును స్థాపించెను, నాయకత్వము ఆయనదైనది. మహాయుద్ధము రాగా ఎస్పెరాన్స్ సంఘము అంతరించినది. ఆమె సేవకు 1937లో ప్రభుత్వపు బిరుదము లభించినది గాని, అప్పటికి ఆమె పేరు నర్తకులలో పలువురకు తెలియదు.

ఆ యుద్ధము నృత్యమును కూడ గాయపరచినది. షార్ప్ ప్రదర్శనలలో ఆడిన యువకులలో నలుగురు, సంగీతకర్త జార్జి బటర్‌వర్త్, పెర్సివల్ లూకాస్, జార్జి విల్కిన్సన్, రెజినాల్డ్ టిడ్డీ, 1916లో ఫ్రాన్సు యుద్ధభూమిలో మరణించిరి. పురుషులు కందకములలో నుండగా, ఆటను మరచిపోనీయక నిలిపినవారిలో స్త్రీలే అధికులు. 1924 జూన్ నెలలో కేంబ్రిడ్జి యువకులు కొందరు సైకిళ్లెక్కి, ఏ గ్రామములనుండి ఈ ఆటలు సేకరింపబడినవో ఆ కాట్స్‌వొల్డ్ గ్రామములకే పోయి ఆడిరి. ముదుసలి నర్తకులు వాకిళ్లలోనికి వచ్చి చూచిరి. ఋణము తీర్చుకొనుట వంటి ఆ యాత్ర సాగిన నెలలోనే, జూన్ 23వ తేదీన, షార్ప్ కన్నుమూసెను.

ఇప్పుడు మరల థాక్స్‌టెడ్‌కు వత్తము. అచ్చటి చర్చి గురువు కాన్రాడ్ నోయెల్; సామ్యవాద భావములు గలవాడు. ఆయన భార్య మిరియం 1911లో ఊరి యువజనులకు మారిస్ నేర్పించినది. నేర్పుటకు వచ్చినది మేరీ నీల్ సంఘమునకు చెందిన ఒక యువతి. 1927 నుండి ఇతర జట్లను ఆ ఊరికి ఆహ్వానించు వాడుక మొదలైనది. 1934లో థాక్స్‌టెడ్, కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్, లెచ్‌వర్త్, ఈస్ట్ సరే, గ్రీన్‌స్లీవ్స్ అను ఆరు జట్లు కలిసి 'మారిస్ రింగ్' అను సమాఖ్యగా ఏర్పడినవి. థాక్స్‌టెడ్ వాడగు అలెక్ హంటర్ దానికి మొదటి స్క్వైర్. ఆ సమాఖ్య పురుషుల జట్లది మాత్రమే. మారిస్ పురుషుల క్రతువని, స్త్రీలకు తగదని వారి సిద్ధాంతము. స్త్రీ నేర్పిన అడుగులతో మొదలైన ఊరు, స్త్రీకి చోటులేని సమాఖ్యకు పుట్టినిల్లయినది.

ఇట్టి సిద్ధాంతమునకు చరిత్ర ఏ పాటి ఆధారమిచ్చుచున్నదో శ్రోతలే విచారింపవచ్చును. 1600లో కెంప్‌తో ఆడిన పల్లెపడుచునకు ఎవరును అడ్డు చెప్పలేదు. 1905లో కింబర్ ఏ సంకోచమును లేక ఆడపిల్లలకే నేర్పెను. 'ప్రాచీనాచారము' అని చెప్పబడిన నిషేధము వాస్తవమునకు నిన్నమొన్నటిది. 1975లో స్త్రీల జట్లు తమకొక సమాఖ్యను నిర్మించుకొన్నవి. అది తరువాత పురుషుల జట్లను, మిశ్రమ జట్లను కూడ చేర్చుకొనినది. 1979లో మూడవ సమాఖ్య వచ్చినది. 2018లో మారిస్ రింగ్ తన నియమమును మార్చి స్త్రీలకు ద్వారము తెరచినది. ఏర్పడిన ఎనుబది నాలుగేండ్లకు ఆ మార్పు జరిగినది.

మరియొక ఆచారమునకును ఇట్టి పరీక్షయే వచ్చినది. వేల్సు సరిహద్దు మండలముల తీరున ఆడు జట్లలో పలువురు ముఖమునకు మసి పూసికొనెడివారు. చలికాలమున డబ్బులడుగబోవు కూలీలు తమ్మెవరును గుర్తింపకుండుటకు పూసికొనిరని కొందరు చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో నల్లజాతివారిని వెక్కిరించుచు నడచిన రంగస్థల ప్రదర్శనల ప్రభావమని మరికొందరు చెప్పుదురు. మూలమేదైనను, వీథిలో నిలిచి చూచు నల్లజాతి బాలునకు ఆ ముఖము ఏమని తోచునన్నది అసలు ప్రశ్న. 2020 జూలైలో మూడు సమాఖ్యలును కలిసి, ముఖమంతయు నల్లరంగు పూయుటను జట్లు విడువవలెనని కోరినవి. పెక్కు జట్లు నీలము, ఆకుపచ్చ మొదలగు రంగులకు మారినవి. ఆచారము పోవునని వాపోయినవారును లేకపోలేదు. మువ్వలు మాత్రము ఆగలేదు.

థాక్స్‌టెడ్‌లో సాయంకాలము ముగియు తీరు చెప్పి విరమించెదను. ప్రొద్దు గ్రుంకి చీకటి దిగుచుండగా వీథి నిశ్శబ్దమగును. చర్చి దిక్కు నుండి ఒంటరి ఫిడేలు నాదము వినవచ్చును. కొమ్ములు మోసిన నర్తకులు, వారితో విల్లమ్ములవాడును, విదూషకుడును, స్త్రీవేషధారియు, కొయ్యగుఱ్ఱమును మెల్లగా దిగివచ్చి, ఒకరినొకరు ఎదుర్కొని, వెనుకకు జరిగి, మరల చీకటిలోనికి పోవుదురు. ఇది స్టాఫర్డ్ మండలములోని ఆబట్స్ బ్రామ్లీ గ్రామమువారి కొమ్ముల నృత్యమునకు అనుసరణము. ఆ గ్రామపు చర్చిలో భద్రపరచిన రెయిన్‌డీర్ కొమ్ములు పదునొకండవ శతాబ్ది నాటివని శాస్త్రపరీక్షలో తేలినది. కాని కొమ్ములతో ఆడు ఆ నృత్యమును గూర్చిన వ్రాత 1686కు ముందు కనబడదు. కొమ్ములు ప్రాచీనములు, ఆట ఎంత ప్రాచీనమో కొమ్ములు చెప్పజాలవు.

మారిస్ చరిత్రయంతయు ఇట్టిదే. ఆదిమ క్రతువని చెప్పి దానికి గౌరవము తెచ్చుట అనవసరము. స్వర్ణకారుల ఏడు షిల్లింగులు, కెంప్ వెంట మైలు దూరము ఆడిన పడుచు, మంచులో పని దొరకని తాపీవారు, కుట్టుపని ముగించుకొని వచ్చిన బాలికలు, ఫ్రాన్సు నుండి తిరిగిరాని నలుగురు, వీరే దాని వంశావళి. విలియం కింబర్ 1961లో, ఎనుబది తొమ్మిదవ యేట మరణించెను. ఆ తేదీ డిసెంబరు 26. అరువది రెండేండ్లకు ముందు, అదే దినమున, డబ్బులకై వచ్చి మన్నింపుమని వేడిన మనిషి ఆయన. ఏటేట ఒక శనివారమునాడు థాక్స్‌టెడ్ వీథిలో ఆడుచున్న జట్లు, తెలిసియో తెలియకయో, ఆయనకు బాకీ తీర్చుచున్నవి.